కిటికీ లేని గదిలో నిద్ర

అతన్ని అందరూ లిఫ్టు మేస్త్రి అనే పిలిచేవారు. ముప్ఫై ఆరేళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడు. అయినా కాలు ఒకచోట నిలిచేది కాదు. ఎవరింటికి వెళ్ళినా ముందు లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడు విని, "రోలరు అరిగిపోయింది" అని గొణుక్కునేవాడు. భార్య పూర్తిగా వేరే రకం. ఒక కుర్చీ, చేతిలో ఏదో కుట్టుపని ఉంటే సాయంత్రం దాకా అక్కడినుంచి కదిలేది కాదు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఆ ఏడాది పార్లరు వారం రోజులు మూసేసి, ముగ్గురికీ ఓడ ప్రయాణానికి టికెట్లు కొంది. అమ్మానాన్నలకి తొమ్మిదో అంతస్తులో, ఓడ ముందు భాగాన, బాల్కనీ ఉన్న గది. తనకి మూడో అంతస్తులో, ఓడ నడిమధ్యన, కిటికీ కూడా లేని గది. పై గది ధరలో మూడో వంతుకే అది వచ్చింది.

"నువ్వొక్కదానివీ ఆ బొరియలో ఎందుకే?" అని తల్లి అడిగింది.

"నాకు పడుకోవడానికి చోటుంటే చాలమ్మా. సముద్రం చూడాల్సింది మీరు."

మొదటి రోజు అంతా బాగానే గడిచింది. పైగది తలుపు తీయగానే ఎదురుగా నీళ్ళే. తల్లి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటే కూతురు ఎన్ని ఫొటోలు తీసిందో లెక్కలేదు. మేస్త్రి మాత్రం స్నానాల గది తలుపు బిగింపులు చూశాడు, మంచం కింద వంగి చూశాడు, గోడకి చెవి ఆనించి విన్నాడు. "మీరు సుఖపడరు, నన్ను సుఖపడనివ్వరు" అంది భార్య.

రెండో రోజు తెల్లవారుతుండగానే నెత్తిమీద ఏదో ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. మేస్త్రి చెప్పులు వేసుకుని పైకెళ్ళి చూశాడు. పైన ఈతకొలను. దాని చుట్టూ కుర్రాళ్ళిద్దరు కుర్చీలు ఈడ్చి వరసగా పెడుతున్నారు.

"బాబూ, కాస్త ఎత్తి పెట్టండి. కింద మనుషులున్నారు."

"సరే సార్" అన్నారు వాళ్ళు. అతను మెట్లు దిగేలోపే మళ్ళీ ఈడ్చారు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఓడ ముక్కు పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. భార్య మంచం అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ముఖం పాలిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు. కళ్ళు తిరుగుతున్నాయంతే. అమ్మాయికి చెప్పకండి. ఎంత ముచ్చటపడి కొందో."

ఇక అతనికి గదిలో కూర్చోబుద్ధి కాలేదు. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగాడు. లిఫ్టు కేబినులో ఊపు ఎక్కడ ఎక్కువో అరికాలికి తెలిసే మనిషి. ఈ ఓడలో మాత్రం ఎక్కడో ఒకచోట ఊపు తక్కువ ఉండదా అనుకున్నాడు. గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఏడో అంతస్తులో నీళ్ళు చేతిమీద ఒలికాయి. అయిదో అంతస్తులో అంచు దాకా వచ్చి ఆగాయి. అట్టడుగున వెనకవైపు వెళితే ఊపు తగ్గింది గానీ ఇంజను అదురు పళ్ళదాకా పాకింది. మూడో అంతస్తులో నడిమధ్యకి వచ్చేసరికి గ్లాసులో నీళ్ళు కదిలీ కదలనట్టున్నాయి. తలెత్తి చూస్తే ఎదురుగా కూతురి గది.

చప్పుడు విని ఆమే తలుపు తీసింది. నిద్రకళ్ళు.

"ఏంటి నాన్నా, నీళ్ళు పట్టుకుని?"

"దాహమేసింది" అని గడగడా తాగేశాడు. "నిద్రపోతున్నావా?"

"రాత్రంతా నిద్రపోయాను, ఇప్పుడూ అదే పని. అమ్మేం చేస్తోంది? సముద్రం చూస్తోందా?"

"ఆఁ, చూస్తోంది" అని వెనక్కి వచ్చేశాడు. తీరా వచ్చి చూస్తే భార్య స్నానాల గదిలో నేలమీద కూర్చుని ఉంది. వాంతి అయింది. ఆమెని లేపి పడుకోబెట్టి, తనని ఏమన్నా అననీ అనుకుని, కూతురికి చెప్పడానికి మళ్ళీ మెట్లు దిగాడు.

కూతురు పరుగున పైకి వచ్చింది. ఆమెని చూడగానే తల్లి లేచి కూర్చుని నవ్వబోయింది. అంతలో ఓడ మళ్ళీ ఎగసింది, నోటికి చేయి అడ్డుపెట్టుకుంది.

"ఎప్పటినుంచి ఇలా? నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీ ముఖం చూస్తే నోరు రాలేదే."

కూతురు రిసెప్షనుకి వెళ్ళి గది మార్చమని అడిగింది. ఖాళీలు లేవన్నారు. అక్కడే నిలబడి కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది. "అమ్మ నా గదిలో పడుకుంటుంది. నాన్నా, మీరూ అక్కడే ఉండండి. నేనిక్కడ ఉంటాను" అంది. చెప్పిందే గానీ ఆ బాల్కనీ వైపు చూడలేదు.

తల్లి కింది గదిలో పడుకున్న అరగంటకే గుర్రు పెట్టింది. ఆకలేస్తే లేచేది, తిని మళ్ళీ పడుకునేది. ఇబ్బందల్లా మేస్త్రికే. లిఫ్టు గుంటల్లో చీకటికి అలవాటుపడ్డవాడే గానీ అక్కడ చేతిలో పని ఉండేది. ఇక్కడ దీపమార్పితే పగలో రాత్రో తెలియదు. గంటకోసారి లేచి, తెల్లారిందేమో చూసి రావడానికి పైకెళ్ళేవాడు. మూడో రోజు పొద్దున్న అలా వెళ్ళి కూతురి తలుపు తట్టాడు. ఆమె బాల్కనీలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. పైన కుర్చీలు ఈడుస్తున్నారు.

"రేటు చూసి కొన్నాను నాన్నా" అంది. "రేటెక్కువైతే సుఖమూ ఎక్కువే అనుకున్నాను. అమ్మకి బస్సు పడదని నాకు తెలుసు కదా. ఒక్కసారైనా గుర్తు రాలేదు చూడండి."

అతను పక్కన కూర్చుని మళ్ళీ లేచి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "నా సర్వీసులో అందరికంటే ఎక్కువ ఫోన్లు పై అంతస్తు వాళ్ళ దగ్గర్నుంచే వచ్చేవి. ఇల్లు బోలెడు పెట్టి కొనేవాళ్ళు. లిఫ్టు ఆగితే మెట్లు ఎక్కేదీ వాళ్ళే."

కూతురికి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది గానీ ఆగలేదు.

నాలుగో రోజు సముద్రం చల్లబడింది. తల్లిని చేయి పట్టుకుని పైకి తీసుకొచ్చారు. ఆమె బాల్కనీలో పావుగంట కూర్చుని, దూరంగా పోతున్న చేపల పడవని చూసి, "బాగుందే. ఇక కిందికి పోదామా?" అంది. ఆ మాటకి కూతురు మొదట చిన్నబుచ్చుకుంది. కానీ మెట్లు దిగుతున్నప్పుడు అమ్మ అడుగు హుషారుగా పడుతుంటే చూసి ఊరుకుంది.

అయిదో రోజు ఓడ రేవులోకి రాకముందే మేస్త్రి పెట్టెలన్నీ మోసుకొచ్చి దిగే తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకా గంట టైముందని అక్కడివాళ్ళు ఎంత చెప్పినా కదలలేదు. అమ్మని లేపుకు రమ్మని కూతుర్ని పంపాడు.

కూతురు మూడో అంతస్తుకి వెళ్ళి దీపం వేసింది. తల్లి గోడవైపు తిరిగి, "ఇంకో అయిదు నిమిషాలే" అంది. కూతురు దీపమార్పేసి, పక్క మంచం మీద తనూ నడుం వాల్చింది.