బడి చరిత్రలో బర్రె

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండదని నా గట్టి నమ్మకం. టీచర్ ట్రైనింగ్ అప్పుడే ముగించి, లాలాపేట్ నుంచి బస్సులు మారుతూ వెళ్లి, చెంగిచెర్ల అవతల పొలాల మధ్య ఉన్న ఓ చిన్న క్యాథలిక్ ప్రాథమిక పాఠశాలలో చేరాను. (రేకుల కప్పు. వాన పడితే పాఠం నాకే వినిపించేది కాదు.) పిల్లలు తగ్గిపోతున్నారు, బడి మూసేసి అందరినీ వ్యానులో నాచారం పంపుదామని పైనుంచి మాట వచ్చింది. అది తేల్చడానికి వార్షికోత్సవం నాడు బిషప్ గారే వస్తున్నారు. మా హెడ్మిస్ట్రెస్ పెద్ద సిస్టర్ నన్ను పిలిచి, బడి చరిత్రను పిల్లలతో నాటకంగా వేయించమన్నారు.

ఆ చరిత్ర తెలిసింది బడి ఊడ్చే ఆయమ్మకే. ఈ బడిలో మొట్టమొదట చదివిన పిల్లల్లో ఆమె ఒకరు. "మొదాల గిది బడేంది బిడ్డా, మా నాయిన బర్రెల కొట్టం. ఫాదర్ వచ్చి అడిగితె సగం ఇచ్చిండు. గీ పక్క మేం అఆలు సదువుకునేది, గా పక్క బర్రెలు నెమరేసేది" అంది. నాకు ఒళ్లు పులకరించింది. నాటకంలో నిజం బర్రె ఉండాల్సిందే అన్నాను. "అట్టతో చేస్తే సరిపోదా అమ్మా?" అన్నారు పెద్ద సిస్టర్. "సహజత్వం పోతుంది సిస్టర్" అన్నాను. (ట్రైనింగులో నేర్చుకున్న మాట, ఎక్కడో ఒకచోట వాడాలి కదా.) "మా బర్రె మస్తు సాధువు, ఏం ఫికర్ లేదు" అని ఆయమ్మ నన్ను బలపరిచింది.

సాధువే. ఆ రోజు వేదిక ఎక్కి, బిషప్ గారిని తీరిగ్గా ఓసారి చూసి, సరిగ్గా నడిమధ్యలో పడుకుంది. నాటకం అయిపోయినా లేవలేదు. ఆయమ్మ "జర లెవ్వే, నా పరువు తీయకు" అని చెవిలో బతిమాలింది. నేను కొత్త పట్టుచీర కట్టుకుని వెనకనుంచి తోశాను. (ఆ చీర ఏమైందో ఇక్కడ వద్దు.) తర్వాతి నాట్యానికి దేవదూతల వేషాలు వేసుకున్న పిల్లలు దాని చుట్టూనే తిరుగుతూ ఆడారు, అలసిపోయిన ఓ చిన్న దేవదూత దాని వీపు మీదే కూర్చుంది. బిషప్ గారి కోసం తెచ్చిన బంతిపూల దండను అది పిల్ల చేతిలోంచే సగం మేసేసింది. పెద్ద సిస్టర్ కళ్లు మూసుకుని జపమాల తిప్పసాగారు. బడి మూత పడితే నా వల్లేనని అనుకుంటూ ఇంకా తోస్తూనే ఉన్నాను.

బిషప్ గారు మిగిలిన సగం దండ మెడలో వేసుకుని మైకు అందుకున్నారు. "పిల్లలూ, మిమ్మల్ని నాచారం పెద్ద బడికి పంపిస్తా, పోతరా?" అని అడిగారు. ఒకటో తరగతి పిల్ల లేచి, "ఆడ బర్రె ఉంటదా?" అంది.

"ఉండదు బిడ్డా."

"అట్లయితే మేం పోం."

ఆయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, పక్కనున్న ఫాదర్‌కి బర్రెను చూపిస్తూ, "కొట్టం ఇచ్చినోళ్లు ఈడనే కూసున్నరు. మనం బడి తీస్కపోతె బాగుంటదా? ఇప్పటికి ఈ ముచ్చట వదిలెయ్" అన్నారు. మైకు ఆపడం మరిచిపోవడంతో ఊరంతా విని చప్పట్లు కొట్టింది. చివర జాతీయ గీతం మొదలుకాగానే బర్రె లేచి నిలబడింది.

ఆ బడి ఇంకా నడుస్తోంది. చుట్టూ కాలనీలు వెలిసి, పిల్లల సంఖ్యా పెరిగింది. ఇప్పుడు నేను ఉప్పల్‌లో వేరే బడికి హెడ్మిస్ట్రెస్‌ని. మా కార్యక్రమాలు సమయానికి మొదలై సమయానికి ముగుస్తాయి, ఎక్కడా పొరపాటు జరగదు, ఇంటికి వెళ్లేసరికి ఎవరికీ ఏమీ గుర్తుండదు. ఆనాటి నేను, ఆ పొగరుబోతు పిల్ల, ఒక్కసారి వచ్చి నా ఏర్పాట్లన్నీ పాడుచేసి పోతే బాగుండునని అప్పుడప్పుడు అనిపిస్తుంది.