మాచర్ల బండిలో కూత

యుద్ధం రోజుల్లో ఒకసారి, మాచర్ల బండిలో నేనున్న పెట్టెలోకే ఒక చెడుగుడు జట్టు ఎక్కింది. ఆ సాయంత్రం మాచర్లలో వాళ్లకు పందెం. ఆరుగురు పేకాటలో పడ్డారు. ఏడోవాడు మాత్రం కిటికీ పక్కన కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా "చెడుగుడు, చెడుగుడు" అని సన్నగా కూత పెడుతున్నాడు. కూత తెగితే మళ్లీ మొదలు. మెడ నరాలు ఉబ్బి, చెమట కారుతోంది.

"ఒరేయ్, నీ కూతతోనే బండి నడస్తందనుకుంటన్నావా ఏంది?" అన్నాడొకడు ముక్కలు పంచుతూ. అందరూ నవ్వారు.

గ్రంథాలయంలో ప్రాణాయామం గురించి చదివాను గానీ, ఊపిరితో అంత కుస్తీ పట్టే మనిషిని అప్పుడే చూశాను. ఉండబట్టలేక, "ఏడుగురున్నారు గదా, నీ ఒక్కడికే ఎందుకింత కష్టం?" అని అడిగాను.

"నిరుడు గీతకు బెత్తెడు దూరంలో నా కూత తెగింది అన్నా. ఓడిపోయి ఇంటికి పోయింది మాత్రం ఏడుగురం" అన్నాడు. మళ్లీ ఊపిరి పీల్చుకుని కళ్లు మూసుకున్నాడు.

పేకాట ఆగింది.

నేను గురజాలలో దిగాను. బండి కదిలాక ఆ కిటికీలోంచి కూత వినిపించింది. ఈసారి అది ఒక్క గొంతు కాదు. బండి మలుపు తిరిగేదాకా నేనూ ఊపిరి బిగబట్టి అక్కడే నిలబడిపోయాను.