మార్కెట్‌లో పాడిన మూట

ఆ రోజుల్లో పాట కట్టడానికి కావలసింది బాధ ఒక్కటే అనుకునేదాన్ని. అది నా దగ్గర దండిగానే ఉండేది. చిన్న బిడ్డను నాకు వదిలి మా ఆయన పోయి ఏడాది దాటింది, నాకింకా ముప్పై నిండలేదు. లేనిదల్లా చప్పుడు లేని చోటు. పాలమూరు నుంచి బతకడానికి వచ్చిన ఉధ్నాలో మా గది కిందే మరమగ్గాలు. అవి ఆడుతుంటే గూట్లో పళ్లేలు కూడా వణికేవి. నేను ఇంట్లో కూర్చుని మార్కెట్ చీరలకు లేసు కుట్టేదాన్ని. ఒకసారి చీరల కుప్పలో తల దూర్చి కత్తెర వెతుకుతుంటే మగ్గాల మోత ఎక్కడికో వెళ్లిపోయింది. అంతే, ఆ కుప్పే నా స్టూడియో అయింది. ఎవరూ ఫోన్ చేసి చెడగొట్టకుండా విమానం గుర్తు నొక్కి, చీరల కింద దూరి, లోపల తిరిగే మాటలన్నీ పాడి ఫోన్‌లో పట్టుకునేదాన్ని. (నా గొంతు గరుకు. 'పాడుతున్నవా, గిన్నెలు తోముతున్నవా' అనేది మా అమ్మ. నాకు మాత్రం నచ్చుతుంది.) నాకు సంతకం వరకే వచ్చు కాబట్టి పాటలన్నీ ఆ ఫోన్‌లోనే ఉండేవి. ఎవరికీ వినిపించేదాన్ని కాదు. సాయంత్రం నల్లా నీళ్లు వచ్చే వేళకు మోగే అలారానికి మాత్రం నా పాటే పెట్టించుకున్నాను. ఇంకొకరి పాటకు నేనెందుకు లేవాలి?

ఒక మధ్యాహ్నం పాట పాడుతుండగానే చీరలు తీసుకెళ్లే టెంపో హారన్ కొట్టింది. గబగబా చీరలన్నీ మూట కట్టి ఇచ్చేశాను. పాట ఎలా వచ్చిందో విందామని చూస్తే ఫోన్ లేదు. అది చీరల మధ్యనే మార్కెట్‌కు వెళ్లిపోయింది. ఆడబిడ్డను వెంటబెట్టుకుని ఆటోలో నాకు చీరలిచ్చే శేఠ్ దుకాణానికి పరుగెత్తాను. అప్పటికే అందరి చీరలూ కలిపి పెద్ద మూటలు కుట్టేశారు. హమాలీ వాటిని లారీకి ఎక్కిస్తున్నాడు.

"ఫోన్ కొడుతనే ఉన్న వదినా, కలుస్తలేదు," అంది ఆడబిడ్డ.

"విమానం గుర్తు నొక్కిన."

"మంచిగ నొక్కినవ్. గందుకే ఎగిరిపోయింది."

శేఠ్ హిందీలో తేల్చేశాడు: "కుట్టిన మూటలు విప్పను బెన్. పాత ఫోనే కదా, ఇంకోటి కొనుక్కో."

"ఫోన్ పోతే పోనీ శేఠ్‌జీ. అండ్ల నా పాటలున్నయి."

"ఈ గొంతుతో పాటలా?" అని నవ్వాడు.

"ఈ గొంతుతోనే. నల్లా టైంకు నా మూట ఏదో అదే చెప్తది. అప్పుడు విప్పుతరా?"

"లారీ కదిలేలోపు చెబితే విప్పుతా."

మూటలు ఒక్కొక్కటే లారీ ఎక్కుతున్నాయి. ఆడబిడ్డ నా చెయ్యి వదల్లేదు. డ్రైవర్ వచ్చి సీట్లో కూర్చున్నాడు. హమాలీ చివరి మూటల్లో ఒకటి ఎత్తుకుని నాలుగడుగులు వేశాడో లేదో, అతని వీపు పాడటం మొదలుపెట్టింది.

రెండు కప్పులు కడుగుత, ఒక్కదాంట్ల పోస్త,
నీ వంతు చాయ్ గూడ నేనే తాగేస్త...

అతను మా పాలమూరు దిక్కువాడే, పెద్దమనిషి. ఉన్నచోటే నిలబడిపోయాడు. బరువు దించాలన్న సంగతి కూడా మరిచాడు. శేఠ్ నవ్వు ఆపి, ఏమని పాడుతోందో అడిగాడు. ఆడబిడ్డ హిందీలో చెప్పింది. మూట దించి, కుట్లు కోసి ఫోన్ తీశారు. నేను అలారం ఆపబోతే హమాలీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపకు బిడ్డా. అయిపోనియ్."

నా పాట మొదటిసారి మనుషుల మధ్య అయిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో బిందెలు ఖాళీ. "నీ పాట పోసి అన్నం వండు వదినా," అంది ఆడబిడ్డ.

ఇప్పుడు నా పాటలు ఫోన్లలో చాలా దూరం పోతున్నాయి. ఏ స్టూడియో అని అడుగుతారు. చీరల కింద అంటే నమ్మరు. నా బిడ్డ మంచి మైకు కొనిచ్చింది, దాన్నీ చీరల కిందికే తీసుకెళ్తాను. కొత్త పాట కట్టినప్పుడల్లా కళ్లు మూసుకుని దాన్ని ఆ పెద్దమనిషి వీపు మీద పెట్టి చూస్తాను. అతను ఆగితేనే పాటను బయటికి పంపుతాను. (నిన్నటి పాటకు ఆగలేదు. మళ్లీ కట్టాలి.)