గంధం రంగు గది

మొన్న ఖమ్మంలో రంగుల దుకాణానికి వెళ్తే, కౌంటర్ దగ్గరున్న అమ్మాయి రంగుల కార్డులు నా ముందు పరిచి, "వార్మ్ కలర్స్ చూపియ్యాల్నా ఆంటీ, కూల్ కలర్సా?" అని అడిగింది, టీ కావాలా మజ్జిగ కావాలా అన్నంత తేలిగ్గా. వస్తువు చూడకముందే దాంట్లో లోపం వెతకడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒక తెల్ల కార్డు తీసి, "ఇదేంది బిడ్డా, పసుపు పట్టింది? ఎంత తగ్గిస్తవ్?" అన్నాను. ఆ అమ్మాయి కార్డు వంక చూసింది, నా వంక చూసింది, చివరికి నా పక్కన నిలబడ్డ మా కూతురి వంక చూసింది. "అమ్మా, అది తెల్లగనే ఉంది," అంది మా కూతురు మెల్లగా. నేను బేరం ఆపేశాను. అంత తేలిగ్గా బేరం వదిలే మనిషిని కాను గానీ, ఆ మాటతో నాకు సారపాకలో మా అమ్మావాళ్ళ ముందు గది గుర్తొచ్చింది.

మా ఇల్లు మా కిరాణా కొట్టు వెనకే. కొట్లో కూర్చుంటే ముందు రోడ్డు మీద కాగితం మిల్లుకు వెళ్ళే వెదురు లారీలు, వెనక పప్పు డబ్బాలు, మధ్యలో మేము. మా ఆయనకు ఆ మిల్లులోనే పని కావడంతో పెళ్ళయ్యాక కూడా నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. బేరం చేయకుండా కొన్న వస్తువు మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టనివ్వదు. క్రిస్మస్‌కు ముందు గోడలకు రంగు వేయడం మా వాళ్ళ ఆనవాయితీ. నవంబరు వచ్చిందంటే చర్చి దగ్గర ఆడవాళ్ళు "బాగున్నవా" అనడానికి బదులు "ఏం రంగు?" అని పలకరించుకునేవాళ్ళు. అన్నేళ్ళూ సున్నంలో ఇంత రంగుపొడి కలిపి కొట్టించిన మేము, రెండువేల ఐదో ఆరో, ఆ ఏడు మొదటిసారి డబ్బా రంగు వేయిద్దామనుకున్నాం. అక్కడ మొదలైంది యుద్ధం. అమ్మకు గంధం రంగు కావాలి. నాకు లేత నీలం కావాలి.

"పండుగనాడు పదిమంది వస్తరు. గోడ చూస్తే కడుపు నిండాలె. నీ నీలం చూస్తే దవాఖానా వార్డు యాదికొస్తది," అనేది అమ్మ.

"మే నెలల గా గంధం గోడకే వీపు ఆనిచ్చి కూసో, తెలుస్తది," అనేదాన్ని నేను.

"సున్నం ఏస్తే అయిపాయె గదా," అని కొట్లోంచి నాన్న అంటే ఇద్దరం కలిసి ఆయన్ని కసిరేవాళ్ళం. ఆ నెలలో మేమిద్దరం ఏకమైంది అందుకొక్కదానికే. చివరికి అమ్మ చర్చిలో అందరికీ "మాది గంధం" అని చెప్పేసి వచ్చింది. నేను ఓడిపోయాను.

ఇక్కడ అమ్మ చీరల సంగతి చెప్పాలి. ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. రెండేళ్ళ నుంచీ ప్రతి శనివారం ఉతికిన చీరను ఎండకు పట్టి, "పసుపు పట్టిందే, ఇంకింత నీలి పెట్టు," అనేది. ఒక చుక్క నీలిమందు రెండు చుక్కలై, రెండు మూతై, ఆ నవంబరుకల్లా చీరలు ఆకాశం రంగుకు వచ్చాయి. అమ్మ మాత్రం పాలలాంటి తెల్లచీర కట్టుకున్నాననే నమ్మకంతో మొదటి వరుసలో కూర్చునేది. ఆమెకు ఆ సంగతి చెప్పే ధైర్యం పాస్టర్ గారికి కూడా లేదు.

సరే, గంధం రంగు కొనుక్కురమ్మని నన్ను ఖమ్మం బస్సెక్కించారు. ఆ దుకాణంలో రంగులు కలిపే మిషను కొత్తగా వచ్చింది. ఎవరో కాంట్రాక్టరు లేత నీలం కలిపించుకుని మళ్ళీ రాలేదట. కలిపిన డబ్బా మూలన పడుంది. "సగం ధరకు తీస్కపో చెల్లె," అన్నాడు దుకాణదారు. సగం అనే మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"సగమేంది అన్నా? ఎవరూ కొననిది మోసుకపోతున్న. నువ్వే నాకు కూలి ఇయ్యాలె."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "మీకు కొట్టు ఉన్నదా?" అన్నాడు.

"ఎట్ల తెల్సింది?"

"గిరాకి గిట్ల మాట్లాడదు. షావుకారే మాట్లాడతడు."

ఇంకా తగ్గించి, పైన రెండు బ్రష్షులు కూడా ఇచ్చాడు. గెలిచిన ఊపులో సగం దారి వచ్చాక గానీ నేను తేవాల్సింది గంధం రంగని గుర్తు రాలేదు. అప్పుడు బుర్రలో వెలిగింది: నీలిలో ముంచిన చీర తెల్లగా కనబడే కంటికి, లేత నీలం గోడ గంధంలా ఎందుకు కనబడదు?

పెయింటర్ మేస్త్రి మూత తీసి, "అక్కా, గంధమన్నవ్ గదా?" అన్నాడు. "ఆరినంక అయితది, కొట్టు," అన్నాను. గోడ ఆరాక అమ్మ వచ్చి, చేత్తో తడిమి, కళ్ళు చికిలించి చూసి, "జర మబ్బుగున్నది గని, గంధమే. మంచిగున్నది," అంది. నా అంత తెలివైనది జిల్లాలో లేదనుకున్నాను. మర్నాడు అడవి పల్లె నుంచి ఉసిరికాయలు తెచ్చే అవ్వ తలుపులోంచి తొంగి చూసి, "పాలపిట్ట లెక్కున్నదే గోడ!" అని గట్టిగా అంది. గబుక్కున ఆమె చేతిలో బెల్లం ముక్క పెట్టి, వేలితో నోరు చూపించాను. ఆమె బెల్లాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "రేపు గూడ వస్త," అంది.

ఇంతలో భద్రాచలంలో కళ్ళ క్యాంపు పెట్టారు. నాన్న అమ్మను తీసుకెళ్ళాడు. కుడి కంట్లో పసుపుబారిన శుక్లం తీసి, నల్లద్దాలు పెట్టి పంపారు. అమ్మకు చూపొస్తున్నందుకు సంతోషించాల్సిన కూతుర్ని, నా గోడ బయటపడుతుందని వణికాను. చర్చి అంతా గంధం అని చెప్పుకున్న మనిషికి పండుగ పూట ఏం మొహం చూపించాలి? "అద్దాలు తియ్యొద్దన్నడు డాక్టరు," అని పూటకోసారి చెప్పేదాన్ని.

"పండుగనాడు గూడనా?"

"పండుగనాడు అసలే తియ్యొద్దట."

పండుగ ముందురోజు పొద్దున కొట్లో పంచదార తూస్తుంటే లోపలి నుంచి కేక వినబడింది. పరుగెత్తాను. గది మధ్యలో అమ్మ, ఒక చేతిలో నల్లద్దాలు, ఇంకో చేతిలో చీర.

"గీ చీర మీద నీలి ఎవలు గుమ్మరించిండ్రే?"

"నువ్వే పెట్టమంటివి."

"గిదే కట్టుకొని చర్చికి పోయిన్నా?"

"రెండేండ్లు."

అమ్మ మంచం మీద కూలబడింది. అప్పుడు ఆమె చూపు గోడ మీద పడింది. అరచేత్తో కుడి కన్ను మూసుకుని చూసింది. తర్వాత ఎడమ కన్ను మూసుకుని చూసింది. మళ్ళీ కుడిది, మళ్ళీ ఎడమది. "గీ కన్నుకు గంధం. గీ కన్నుకు నీలం," అంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని దగ్గరికెళ్ళాను. నవ్వుతోంది.

"దొంగదానా! ఎంతకు తెచ్చినవ్?"

చెప్పాను. అమ్మ కాసేపు లెక్క వేసుకుంది.

"బ్రష్షులు గూడ ఇచ్చిండా?"

"రెండు."

"గట్లయితే మంచిగనే ఉన్నది," అంది.

పండుగ రోజు ఆ నీలి చీరే కట్టుకుంది. గంధమన్నావు కదా అని అడిగినవాళ్ళందరికీ, "కుడి కన్ను మూస్కొని చూడుర్రి," అని చెప్పింది. కేకు తింటూ చర్చి ఆడవాళ్ళంతా ఒంటికన్నుతో మా గోడను చూడటం నేనింకా మరిచిపోలేదు. రెండో కంటి ఆపరేషనుకు అమ్మ ఏడాది దాకా ఒప్పుకోలేదు. ఒక్క డబ్బాతో రెండు రంగుల ఇల్లు ఎవరికి దొరుకుతుందట?

మొన్న ఆ దుకాణంలో నేనూ కుడి కన్ను మూసి తెల్ల కార్డు చూశాను, ఎడమ కన్ను మూసి చూశాను. రెండు కళ్ళకూ పసుపే. మా కూతురు అప్పటికే ఫోనులో కళ్ళ డాక్టరు నంబరు వెతుకుతోంది. ఇన్నేళ్ళుగా కాలం నా కళ్ళలో చుక్క చుక్కగా గంధం కలుపుతూనే ఉందన్నమాట. బేరం ఆడకుండా నేను ఇంటికి తెచ్చుకున్న రంగు అదొక్కటే.