అవ్వ విత్తనాల డబ్బా

మొన్న డిసెంబర్లో పాలపొడి డబ్బా ఖాళీ అయితే కడిగి పొయ్యి పక్కన ఆరబెట్టాను. రేకు వేడెక్కి ఒక వాసన వచ్చింది చూడండీ, ఇంకేముంది, గరిటె చేతిలోనే ఉండిపోయింది, నేను మాత్రం హుకుంపేట పైనున్న మా కొండ ఊళ్లో, పొగమంచులో, ముక్కు కారుతూ నిలబడ్డాను.

మా చిన్నప్పుడు ఆ ఊరికి కరెంటు స్తంభాలొచ్చాయి గాని కరెంటు రాలేదు. వలిసె పూలు పచ్చగా విరగబూసి రాలిపోయి, కాఫీ పళ్లు ఎర్రబడి, పొద్దున్నే వేడి అంబలి ముంతని రెండు చేతులా పట్టుకుంటే వదలబుద్ధి కాని చలిలో క్రిస్మస్ వచ్చేది. కొన్న నక్షత్రాలు మేమెక్కడ చూశాం? నూనె డబ్బా, పౌడరు డబ్బా, ఏది దొరికితే అది తెచ్చి, గెడ్డ వాగులోని తడి ఇసక నిండా కూరి, మేకుతో నక్షత్రం ఆకారంలో చిల్లులు పొడిచేవాడు మా నాన్న. ఇసక లేకపోతే రేకు సొట్టపోతుంది. తర్వాత ఇసక దులిపేసి, మందుసీసాతో చేసిన కిరసనాయిలు దీపం లోపల పెడితే మట్టిగోడ మీద నక్షత్రం పడేది. అరిసెల వాసన, కిరసనాయిలు వాసన, వేడి రేకు వాసన కలిస్తే అదే నాకు పండగ.

అయితే ఆ పండగ మా అరుగులో సగానికే. ఒకే అరుగు మీద రెండు గుమ్మాలు. ఒకటి మాది, రెండోది అవ్వది, అంటే నాన్న తల్లిది. నాన్న చర్చిలో కలిసినప్పట్నించి అవ్వ ఆయనతో మాట మానేసింది. "నా దేవతని నేనొగ్గను. మీ దీపం నా గుమ్మంలో ఎట్టకండి" అని చెప్పేసింది. పండగనాడు అమ్మ పంపిన అరిసెలు కూడా తిప్పి పంపేది. మొండి మనిషి! నాన్నా తక్కువ తినలేదు లెండి. మధ్యలో నేను. అరిసె నా నోట్లో, చూపు ఆ చీకటి గుమ్మం మీద. అవ్వ వచ్చి మాతో ఒక్క ముద్ద తింటే చాలని నా ఏడుపు.

ఒక ఏడాది మా పాత డబ్బా తుప్పుపట్టి పొడైపోయింది. సంతంతా వెతికినా ఇంకోటి దొరకలేదు. ఉన్నదల్లా అవ్వ డాల్డా డబ్బా. అందులో బూడిద కలిపిన చోడి విత్తనాలు, అదే రాగులు, పోసి, మూత బిగించి, వాసానికి వేలాడదీసేది. దాన్ని ముట్టుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను ఆమె గుమ్మంలో నిలబడి మెడ నొప్పెట్టేదాకా దాన్నే చూశాను.

"ఏటే గుంటా, అలా సూత్తన్నావు?"

"డబ్బా లేదవ్వా. ఈ ఏడు మాకు సుక్క లేదు."

అవ్వ గొణిగింది, నన్ను తిట్టింది, మా నాన్నని తిట్టింది, దేవుడి జోలికి మాత్రం పోలేదు. తిడుతూనే డబ్బా దింపి, విత్తనాలు ఎండిన ఆనపబుర్రలోకి వంపేసి, బొగ్గుముక్కతో రేకు మీద బొమ్మలు గీసింది. ఒక సూర్యుడు, ఒక చంద్రుడు, మధ్యన వేళ్లు ముడిచిన పిడికిలిలా చోడి వెన్ను.

"ఒట్టి సుక్క ఏటి సేసుకుంతారు? ఇవి కూడా పొడవమని మీ అయ్యతో సెప్పు. బేగి పో!"

నాన్న ఆ గీతలు చెరిగిపోకుండా డబ్బాలో ఇసక కూరి మేకు అందుకున్నాడు. చర్చి పెద్దలేమంటారో అని అమ్మ నసిగింది. ఆయన వినిపించుకోలేదు. ఒక పక్క నక్షత్రం, రెండో పక్క అవ్వ బొమ్మలు పొడిచి, రెండు గుమ్మాల మధ్యనున్న గుంజకి దీపం కట్టాడు. నక్షత్రం మా గోడ మీద పడింది. సూర్యుడూ చంద్రుడూ చోడి వెన్నూ అవ్వ గోడ మీద పడ్డాయి. అవ్వ బయటికొచ్చి చూసింది.

"వెన్ను వంకర పొడిసినావురా" అంది.

ఏళ్ల తరబడి మాటల్లేని కొడుకుతో ఆమె అన్న మొదటి మాట అదే. నాన్న చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆ పూట అవ్వ మా ఇంట్లో తింది, అరిసె రాయిలా ఉందని అమ్మని సాధిస్తూనే తింది. నాకైతే పట్టరాని సంతోషం!

ఇప్పుడు అవ్వా లేదు, నాన్నా లేడు. ఆ అరుగు పోయి స్లాబు ఇల్లొచ్చింది. ఊరంతా రంగులు మార్చే ప్లాస్టిక్ నక్షత్రాలు, డబ్బాలన్నీ పాతసామాను బండికి. చోళ్లు పండిన చోట కాఫీ మొక్కలున్నాయి. ఆనపబుర్రలో విత్తనాలు ఏమయ్యాయంటే చెప్పేవాళ్లు లేరు.

ఆ సాయంత్రం పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకుంటున్న చోట ఇంత ఇసక అడిగి తెచ్చి, పాలపొడి డబ్బాలో కూరి, మేకు నేనే పట్టాను. దీపం పెడితే వెన్ను గోడ మీద పడింది, నాన్న పొడిచినట్టే వంకరగా. చోడి చేను ఎన్నడూ చూడని మా అమ్మాయి దాని దగ్గరికెళ్లి నిలబడింది.

"ఎవరి చెయ్యమ్మా అది?"

"మా అవ్వది" అన్నాను.