లారీకి వీపు పెట్టిన ఆమె

మాఘమాసం, మంగళవారం. బాన్సువాడ పాత వంతెన మీద ఉన్నవాళ్లు: నేను, రెయిలింగు తీసేసిన అంచున వెడల్పు పనికి సలాకలు కడుతున్న నలుగురు, వాళ్లలో ఒకరి భార్య.

ఎర్రగుడ్డ పట్టుకొని బండ్లను ఆపడం ఆమె పని. కానీ ఎప్పుడూ బండ్లకు వీపు పెట్టి, పనివాళ్ల వైపు చూస్తూ నిలబడేది.

"లారీ దిక్కు చూడవేంది బిడ్డా?" అన్నాను.

"చూస్తే భయమైతది తాతా, పక్కకు జరుగుత. నేను జరిగితే లారీ వాళ్ల మీదికే పోతది."

అంతలో మద్నూర్ వైపు నుంచి వచ్చిన లారీ కీచుమంటూ ఆమెకు జానెడు దూరంలో ఆగింది. ఆమె కదలలేదు.

"సస్తవా అక్కా?" డ్రైవర్ అరిచాడు.

"నీ బ్రేకులు మంచిగనే ఉన్నయి తమ్మీ," అంది, తిరగకుండానే.

మరునాడు పొద్దున మళ్లీ వెళ్లాను. టైర్ల నల్లచార ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే మడమలు ఆనించి, ఎర్రగుడ్డ ఎత్తి, వీపు తిప్పి నిలబడి ఉంది.