అక్క కారు, బావ నూనె

నిన్న పొద్దున పొయ్యి దగ్గర సంకటి గెలుకుతుంటే పక్కింటాయన వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. హోసూరులోనే ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు, మొన్నటిదాకా బుద్ధిమంతుడే. ఈ మధ్య బెంగళూరులో ఎవరి దగ్గరో వారంటీ తీరిపోయిన స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నాడు. దాన్ని రేస్ ట్రాక్ మీద తోలాలని ఉబలాటం. "ఏ ఇంజన్ ఆయిల్ పోయాల్నో మీ అక్కను అడిగి చెప్పండమ్మా. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తా ఉండారు" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో పడి తెడ్డు తిప్పడం మరిచిపోయాను, సంకటి కాస్తా అడుగంటింది. కారులో పోసే నూనె గురించి మా ఇంట్లో జరిగినంత యుద్ధం పొలం గట్ల గురించి కూడా జరగలేదని ఆయనకేం తెలుసు?

మా అక్క కృష్ణగిరిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే ల్యాబుకు పెద్దగా పనిచేసి రిటైరైంది. మామిడి కాలంలో ఆ ఊరి వాసన ఎలా ఉంటుందో అటు పోయినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో అక్క ఇంటికి వస్తే చీర కొంగు కూడా తోతాపురి మామిడి వాసన కొట్టేది, ఈగలు ఆమె వెనకే గడప దాటేవి. గుజ్జు ఎంత చిక్కగా ఉందో తేల్చడం ఆమె పని. చిన్న తొట్టిలో ఒక పక్క గుజ్జు పోసి, అడ్డు ఎత్తి, అది ఎంత దూరం పారిందో చూసేవాళ్లు. కింది ఉద్యోగులు ఎవరైనా "మేడం, ఈ సరుకు చిక్కగా ఉండాది" అని వస్తే ఆమె ముందు అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత వేడిలో చూసినావు?" కాగుతున్నప్పుడు పలచగా పారేది చల్లారితే ముద్దవుతుంది, వేడి చెప్పకుండా చిక్కదనం చెప్పడం తెలివితక్కువ పని అని ఆమె సిద్ధాంతం. పెళ్లిభోజనంలో సాంబారు బాగా పలచగా ఉందని ఎవరో అంటే అక్కడా ఇదే ప్రశ్న వేసింది. వంటవాడు ఇప్పటికీ ఆమెను చూస్తే తప్పుకుంటాడు.

అలాంటి మనిషి ఉద్యోగం అయిపోయాక కాశీకో రామేశ్వరానికో పోతుందనుకున్నాం. ఆమె బెంగళూరు పోయి ఎర్రటి రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు తెచ్చింది. మా బావది మత్తూరు దగ్గర మెట్ట సేద్యం, తాతల నాటి నుంచీ భూమి ఉన్న కుటుంబం, ఆయన చేతిలో ట్రాక్టర్లు పెరిగి పెద్దవయ్యాయి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "దీంట్లోకి ఎక్కేది యాడుండాది, దిగేదే గదా" అన్నాడు. నిజమే, బావిలోకి దిగినట్టే దిగాలి. వాళ్ల ఊరి దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు పొట్ట గీసుకునేది, బావ తన పొట్ట గీసుకున్నట్టు మూలిగేవాడు. ఇంత గొడవ పడి అక్క దాన్ని తెచ్చింది ఊళ్లో తోలడానికి కాదు. చెన్నై దారిలో ఒక రేస్ ట్రాక్ ఉంది, డబ్బు కట్టి ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చు. పాతికేళ్లు గుజ్జు పారే వేగం చూసిన కళ్లకు ఇంకో రకం వేగం చూడాలని ఉందట.

మొదటిసారి ట్రాక్ మీదికి పోయినప్పుడు షోరూం వాళ్లు పోసిన పలచటి నూనె ఉంది. ఊళ్లో తిరగడానికి పెట్రోలు కలిసొచ్చే నూనె అది. ఇంజన్‌లో నూనె సరైన ఒత్తిడితో పారుతోందో లేదో చూపే సూది ఒకటి ఆ కారులో ఉంది. ఎండ ముదిరాక, పెద్ద మలుపులో ఆ సూది కిందికి పడింది. అక్క వెంటనే బయటికి వచ్చేసింది. సూది పడిపోయి ఉండగా ఇంకో చుట్టు తిప్పితే ఇంజన్ లోపలి బేరింగులు అరిగిపోతాయి, ఆ తర్వాత కారు పాతసామాను కొట్టుకే.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బావ. మా వైపు మనుషులకు పలచనిదంటే నమ్మకం లేదు. సంకటి ముద్ద గోడకు కొడితే అతుక్కోవాలి, మజ్జిగలో గరిటె నిలబడాలి. "నీళ్ల మాదిరి నూనె పోస్తే ఇంజన్ ఏం తట్టుకుంటాది? నీళ్ల మజ్జిగ తాగి మడక దున్నేదా?" అని, అక్క వద్దంటున్నా వినకుండా ట్రాక్టర్‌కు వాడే దిట్టమైన నూనె తెచ్చి పోయించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అక్క మరీ పోట్లాడలేదు. హోసూరు మెకానిక్ చేత నూనె వేడి చూపే ఇంకో ముల్లు మాత్రం బిగించుకుంది. పొద్దున చలిలో స్టార్ట్ చేయగానే ఇంజన్ టకటకమని పళ్లు కొరికింది గానీ, ఒత్తిడి సూది ఎప్పుడూ లేనంత పైకి లేచింది. బావ మీసం దువ్వుకున్నాడు. ఆ మధ్యాహ్నం ట్రాక్ మీద అదే మలుపులో సూది మళ్లీ పడింది.

ఇంక బావ మాట మారింది, కారు అమ్మేద్దామన్నాడు. కొనేవాణ్ణి కూడా చూసేశాడు. అక్క అన్నం ముందు కూర్చుని ఒక్క మాట చెప్పింది: "ఇంకొక్కసారి పోతా. సూది పడితే నేనే బయటికి వచ్చేసి, వాడికి తాళాలు ఇచ్చేస్తా. పడకుంటే ఈ కారు మాట మళ్లీ నీ నోట రాకూడదు." ఆ కారు పోతే అక్క నవ్వు కూడా పోతుందని నాకు భయం వేసింది.

ఆ వారమంతా ఆమె గుజ్జు లెక్కనే నూనెకు వేసింది. హోసూరు గ్యారేజీలో నేనూ ఉన్నాను. "మా ఫ్యాక్టరీలో గుజ్జు మరీ చిక్కంగా ఉంటే కిందికి దిగదు, పంపు గాలి మింగుతాది. ఈడా అంతే" అంది. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు దిట్టమైన నూనె ఇంజన్ పైభాగంలోనే ఆగిపోయి, అడుగున పంపుకు అందలేదని ఆమె అనుమానం. మెకానిక్ తల గోక్కుని, "అట్లే ఉంటాదక్కా. బావ పోయించిన నూనె దింపినప్పుడు చూస్తే నురుగు కూడా ఉన్నింది" అన్నాడు. బావకు రోషం వచ్చింది: "మరి సూది అంత పైకి యాల లేసింది?" "చలిలో దారి దొరక్క తోసుకునిందప్పా. తోపులాట ఉంటే బలం ఉన్నట్లా?" అంది అక్క. ఆమె దగ్గర ఇప్పుడు కొత్త ముల్లు చూపిన వేడి లెక్క ఉంది, ట్రాక్ మీద ఆ వేడికి షోరూం నూనె నీళ్లయిపోతుందని తేల్చింది. డబ్బా మీద రెండు అంకెలుంటాయి. మొదటిది చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, రెండోది కాగాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మొదటిది చిన్నదిగా ఉంచి, రెండోది షోరూం నూనె కంటే ఒక మెట్టు పైన, పూర్తి సింథటిక్‌లో ఎంచుకుంది. నూనె కొలిచే పుల్ల మీద పై గీత దాకా నింపించింది. ప్రతిసారీ ట్రాక్ నుంచి రాగానే మార్చేయాలంది. "కంపెనీవాళ్లు ఒప్పుకుంటారా?" అని బావ ఆఖరి అస్త్రం వేశాడు. "వారంటీ అయిపోయినాక ఇంక ఎవర్ని అడగల్లప్పా? కారు నాది." అది నూనె గురించి మాత్రమే అన్న మాటలా నాకు వినిపించలేదు.

ఆ రోజు అక్క తన కారులో, నేనూ బావా వెనక అద్దె కారులో, తెల్లారగట్టే కృష్ణగిరి టోల్ దాటాం. హెల్మెట్‌లో కొప్పు పట్టదని అక్క జడ వేసుకుంది, వెనక నుంచి చూస్తే కాలేజీకి పోయే పిల్లలా ఉంది. ఆమె ట్రాక్ మీదికి పోయాక నేనూ బావా రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. మాకు సూది కనబడదు. కారు షెడ్డు వైపు తిరిగితే ఓడినట్టు, తిరగకపోతే సూది నిలబడినట్టు. ఎర్రటి కారు వచ్చింది, మా ముందు నుంచి రయ్యిన పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. బావ నా చెయ్యి పట్టుకున్నట్టు తనకే తెలియలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఒకసారి మలుపు దగ్గర కారు వేగం తగ్గినట్టయింది, బావ "అయిపాయె" అని కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. ముందు పోతున్న నల్లకారుకు చోటిచ్చి, లోపలి పక్కగా దూరి, మా అక్క దాన్ని దాటేసింది. నేను చీర బిగించి ఎగిరాను. నా వయసుకు తగదని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

చివరగా ఇంజన్ చల్లబడేలా ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి వచ్చింది. హెల్మెట్ తీసింది. ముఖమంతా చెమట, చెమట కింద నవ్వు. "సూది కదల్లేదు" అంది. బావ ఫోన్ తీసి, కొనేవాడితో, "కారు అమ్మేది లేదప్పా. మా ఇంటిదానికి కావల్ల" అన్నాడు.

ఇప్పుడా కారు బావ ట్రాక్టర్ కొట్టంలో, ట్రాక్టర్ కంటే మంచి చోట ఉంటోంది. నిన్న పక్కింటాయన అడిగింది చెబుదామని ఫోన్ చేస్తే అక్క లేదు, బావ ఎత్తాడు. ఫోన్ పక్కింటాయన చేతికే ఇచ్చాను. అవతల బావ గొంతు ఖంగుమంది, ఆ ప్రశ్న తానే పుట్టించినట్టు: "ముందు ఇది చెప్పప్పా, నీ బండిలో నూనె ఎంత వేడెక్కుతాది?" అడుగంటిన సంకటి గీకుతూ నేను చాలాసేపు నవ్వుకున్నాను. ఏళ్లు మనల్ని దాటుకుని పోతాయని అందరూ అంటారు. ఆ మధ్యాహ్నం ఆ మలుపులో మా అక్క వాటిని దాటుకుని పోవడం నేను కళ్లారా చూశాను.